చదివినవాళ్ళ దగ్గరికి రచయిత్రిని తీసుకురండి

గ్రంథాలయ అధికారులకు, పఠన కార్యక్రమ నిర్వాహక కమిటీకి, ఆ కార్యక్రమంలో చేయి కలిపిన తెలుగు సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను ఉత్తర చెన్నైలో తెలుగు మాధ్యమం బళ్ళో 31 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. మా పేట శాఖా గ్రంథాలయంలో నలభై ఏళ్ళుగా సభ్యురాలిని. ఊరంతా కలిసి ఒకే నవల చదవాలన్న ఆలోచన మీకు కలిగినందుకు మనసారా సంతోషించాను. ఆ సంతోషంతోనే ఆరు నెలలు పనిచేశాను. ఆ తర్వాత జరిగినదాని గురించి జూలైలో ఒక ఉత్తరం, ఆగస్టులో ఇంకో ఉత్తరం పంపాను. రెండింటికీ ముద్ర వేసిన రసీదు కార్డులు తిరిగొచ్చాయి, జవాబు రాలేదు. ఒకరోజు నేనే వచ్చి మీ వరండాలో రెండు గంటలు కూర్చున్నాను. మీటింగులో ఉన్నారు, మళ్ళీ రండి అన్నారు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నవల పేరు, రచయిత్రి పేరు ఇందులో రాయడం లేదు. జరిగినదాంట్లో ఆమె తప్పు రవ్వంత కూడా లేదు. ఒక ఫిర్యాదు పక్కన ఆమె పేరు కనబడటం నాకిష్టం లేదు. మా శాఖలో పనిచేసే లైబ్రేరియన్ మీద కూడా నాకు కోపం లేదు. ఆ అమ్మాయి చేతిలో ఉన్నంత చేసింది.

ముందు జరిగింది చెబుతాను.

సంక్రాంతి వెళ్ళిన వారానికి గ్రంథాలయం గేటు పక్కన పోస్టరు అంటించారు. తెలుగులోనూ తమిళంలోనూ ఉంది. పేటపేటా ఒకే నవల చదువుతుందనీ, వారం వారం చర్చలుంటాయనీ, 200 ప్రతులు శాఖలకు పంపుతారనీ, ఆఖర్న రచయిత్రి స్వయంగా మా శాఖకు వచ్చి ఒక ఆదివారం పూట పాఠకులతో గడుపుతారనీ అందులో ఉంది. ఆ పోస్టరు ఫోటో నా ఫోన్లో ఇప్పటికీ ఉంది.

ప్రారంభ సభలో మీలో ఒకరు అమెరికాలోని సియాటిల్ సంగతి చెప్పారు. 1998లో అక్కడి ప్రజా గ్రంథాలయంలో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ఊరంతటి చేతా ఒకే పుస్తకం చదివించే పనికి పూనుకున్నారనీ, 2001లో షికాగో అందుకుందనీ, అక్కణ్ణించి ఎన్నో ఊళ్ళకు పాకిందనీ చెప్పారు. విని ఇంటికొచ్చి మనవరాలి చేత వెతికించి, దొరికినదంతా చదివించుకున్నాను. నాకర్థమైనంతలో అక్కడ మొదట జరిగేది గ్రంథాలయాలు ప్రతులు కొనడం. ఒకటీ అరా కాదు, ఒకే పుస్తకం కట్టలు కట్టలుగా. తర్వాత గుంపులు గుంపులుగా కూర్చుని మాట్లాడుకోవడం. మాట తెగకుండా ఉండటానికి నాలుగు ప్రశ్నలు రాసిన కాగితం. రచయిత రావడం ఆఖరి మెట్టు. ఆ రోజుకి ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా పుస్తకం చదివినవాళ్ళే అయి ఉంటారు. తన పుస్తకం ఇంతమంది ఇళ్ళల్లో ఎలా బతికిందో రచయిత వింటారు. ఇందులో కష్టం ఏమీ లేదు, ఖర్చూ పెద్దది కాదు. క్రమం తప్పకూడదు, అంతే.

మనవాళ్ళకిది కొత్తదీ కాదు. కాలువల మీద పడవల్లో పుస్తకాలు వేసుకెళ్ళి ఊళ్ళలో పంచిన గ్రంథాలయోద్యమం తెలుగువాళ్ళది. అక్షరం రానివాళ్ళను కూర్చోబెట్టి పత్రిక చదివి వినిపించింది ఆ ఉద్యమం. ఇదే తమిళ నేల మీద 1931లో మన్నార్గుడి దగ్గర ఎడ్లబండిలో గ్రంథాలయం ఊరూరా తిరిగింది. పుస్తకం మనిషి దగ్గరికి నడిచి వెళ్ళిన చోటు ఇది.

మా శాఖకు వచ్చిన ప్రతులు 9. అందులో రెండింటి మీద రిఫరెన్సు ముద్ర వేసి బీరువాలో పెట్టారు. ఏడు మిగిలాయి. ఏడూ మొదటి రోజే వెళ్ళిపోయాయి. నెల తిరిగేసరికి తిరిగొచ్చినవి మూడు.

అప్పుడు మేం చందా వేసుకుని ప్రచురణకర్త దగ్గర ఇంకో ఆరు తెప్పించుకున్నాం. మా మొట్టమాడి మీద, చెన్నైలో డాబాని మేం అలాగే అంటాం, ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి చదవడం మొదలుపెట్టాం. నేను గట్టిగా చదువుతాను, మిగతావాళ్ళు వింటారు. చదవగలిగినవాళ్ళ చేతికి పుస్తకం ఇచ్చి వేలు పెట్టి చూసుకోమనేదాన్ని. మొదటి వారం పదకొండు మందిమి. కత్తిరి ఎండల్లో సిమెంటు మీద బకెట్లతో నీళ్ళు పోసి, ఆవిరి పోయాక చాపలు పరిచేవాళ్ళం. మే నెలాఖరుకి మెట్ల మీద కూడా కూర్చునేవారు.

ఎవరొచ్చారో మీకు తెలియాలి. వీధి మొదట్లో ఇడ్లీలు అమ్మే ఆవిడ. హార్బర్లో మూటలు మోసి రిటైరైన పెద్దాయన. ప్లస్ టూ చదివే పిల్లలు ముగ్గురు. పక్క పోర్షన్లో ఉండే తమిళ కుటుంబం, వాళ్ళకు నేను ముఖ్యమైన చోట్ల తమిళంలో చెప్పేదాన్ని. అందరికంటే ఎక్కువ మంది పారిశుధ్య పని చేసే ఆడవాళ్ళు. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈ పట్నం వీధులు ఊడుస్తున్న కుటుంబాలు వాళ్ళవి. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. కరువుకి ఊరు విడిచి పట్నం చేరిన ఒక ఇంటి మూడు తరాల కథ ఆ నవల. వాళ్ళు దాన్ని నవలలా వినలేదు. మా చిన్నత్త కూడా ఇంతే అనేవారు, ఆ మేస్త్రీ ఎవరో నాకు తెలుసు అనేవారు.

నవల్లో ఒక ముసలమ్మ ఊళ్ళో ఇంటికి తాళం వేసి, ఆ తాళంచెవి కొంగున కట్టుకుని పట్నం వస్తుంది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళదు. ఆ అధ్యాయం చదివిన సాయంత్రం, వచ్చేవాళ్ళలో ఒకావిడ, పేరు రాయను, ఏం మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది. బాధపడిందేమో అనుకున్నాను. పావుగంటకి తిరిగొచ్చింది. చేతిలో పసుపు గుడ్డ మూట. విప్పితే జానెడు పొడవున ఇనప తాళంచెవి. తుప్పు పట్టి నల్లబడింది, పళ్ళు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. "మా అవ్వది టీచరమ్మా. ఇల్లు ఎప్పుడో కూలిపోయిందంట. చెవి మాత్రం దేవుడి దగ్గర పెట్టి పండక్కి బొట్టు పెడతాం. ఈ సంగతి రాసినామెకి ఎట్టా తెలిసింది?" అని అడిగింది.

ఆ ప్రశ్న నేను చీటీ మీద రాసుకున్నాను. ఆ వారం నుంచి ఎవరికి ఏ ప్రశ్న తోచినా చీటీ రాయించాను. రాయడం రానివాళ్ళకు నేనే రాసిపెట్టాను. మొత్తం 41 చీటీలయ్యాయి. రచయిత్రి వచ్చే ఆదివారం కోసం దాచాం.

జూలైలో సభకు మూడు రోజుల ముందు ఫోను వచ్చింది. సభ మా శాఖలో కాదట, నగరానికి దక్షిణాన ఒక ఏసీ హాల్లోనట. ఆదివారం కాదట, బుధవారం సాయంత్రం ఆరింటికట. లోపలికి పాసులుంటేనే రావాలట. మా శాఖకు వచ్చిన పాసులు 4.

అయినా పద్నాలుగు మందిమి వెళ్ళాం. రెండు బస్సులు మారి, ఆరింటికి ముందే చేరాం. గేటు దగ్గర నలుగురినే పంపారు. నేనూ వెళ్ళనని బయటే నిలబడ్డాను, తర్వాత ఒక పెద్దమనిషి జాలిపడి వెనక వరసలో నిలబడనిచ్చారు. వేదిక మీద పదకొండు కుర్చీలు. స్వాగతం, జ్యోతి, శాలువాలు, జ్ఞాపికలు, అధ్యక్షుల వారి ప్రసంగం, ముఖ్య అతిథి ప్రసంగం, గౌరవ అతిథుల ప్రసంగాలు. రచయిత్రికి మైకు ఇచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. ఆమె పావుగంట మాట్లాడారు. చివర్లో "పాఠకులతో మాట్లాడాలని వచ్చాను" అన్నారు. సమయం లేదని మైకు తీసుకున్నారు. చీటీల కవరు వాలంటీరు చేతికి ఇచ్చాను. సభయ్యాక అంటించిన కవరు అంటించినట్టే నా చేతికి తిరిగొచ్చింది.

తాళంచెవి తెచ్చిన ఆవిడకి పాసు దొరకలేదు. తెల్లారి నాలుగింటికి లేచి డ్యూటీకి వెళ్ళొచ్చిన మనిషి, గేటు బయట ఫుట్‌పాత్ మీద రెండున్నర గంటలు కూర్చుంది. మూట నడుం దగ్గర దోపుకుని ఉంది. రచయిత్రి కారు ఎక్కేటప్పుడు రెండడుగులు ముందుకెళ్ళింది. జనం అడ్డంగా ఉన్నారు. కారు కదిలింది.

ఇదీ జరిగింది. ఒక సభ సరిగ్గా జరగలేదన్న బాధ మాత్రమే అయితే నేను ఇంత రాయను. దీనివల్ల మామూలు మనుషులకు జరిగిన నష్టం ఏమిటో పాయింట్లుగా రాస్తున్నాను. దయచేసి ఒక్కోటీ చదవండి.

1. పుస్తకమే లేని పఠన కార్యక్రమం మనుషుల్ని అవమానిస్తుంది. లైబ్రరీకి వెళ్ళడం ఎప్పుడూ అలవాటు లేని ఇడ్లీ దుకాణం ఆవిడ పోస్టరు చూసి, పని మానుకుని, మంచి చీర కట్టుకుని మా శాఖకు వెళ్ళింది. పుస్తకం లేదన్నారు. వారం పోయాక మళ్ళీ వెళ్ళింది. లేదన్నారు. మూడోసారి వెళ్ళలేదు. నేను పిలిస్తే మొట్టమాడికి వచ్చింది గానీ, గ్రంథాలయం గడప మళ్ళీ తొక్కనంది. ఆవిడ అక్కడికి వెళ్ళిన మొదటి రెండుసార్లూ ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా చేరి, 1931లో ఈ నగరం నుంచే గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు పుస్తకంగా ఇచ్చారు. పుస్తకాలున్నది వాడుకోవడానికి అన్నది మొదటిది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అన్నది రెండోది. ఆ రెండింటి దగ్గరే మనం ఆగిపోయాం.

2. సభ్యత్వం. మా పేటలో ఎక్కువమంది అద్దె ఇళ్ళలో, రాతకోతలేని ఒప్పందాల మీద ఉంటారు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉంటుంది. చిరునామా రుజువు లేదని తొమ్మిది మందికి కార్డు ఇవ్వలేదు. వాళ్ళలో ఇద్దరు ఆ గ్రంథాలయం ఉన్న వీధినే రోజూ ఊడుస్తారు.

3. చదవడం రాని తెలుగు పిల్లల సంగతి మీరు లెక్కలోకి తీసుకోలేదు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నా జీవితమంతా చూసిన సంగతి.

తమిళనాట బళ్ళలో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ, 2015-16కి పదో తరగతికి చేరింది. తమిళం నేర్చుకోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ నేల అన్నం తింటున్నాం, ఈ భాష రావాలి. నా పిల్లలిద్దరూ తమిళంలో చక్కగా రాస్తారు. కానీ ఆ మార్పులో తెలుగు తరగతులు ఒక్కొక్కటే పలచబడ్డాయి. ఇవాళ మా వీధిలో పదిహేనేళ్ళ పిల్లవాడు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతాడు, తెలుగు అక్షరం చూస్తే బొమ్మ చూసినట్టు చూస్తాడు.

మా గుంపులో ప్లస్ టూ పిల్లాడొకడు నేను చదువుతుంటే నోటుబుక్కులో తమిళ లిపిలో తెలుగు రాసుకునేవాడు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. త, ద కూడా అంతే. గది అని రాసినా గతి అని రాసినా ఒకేలా ఉంటుంది. ఒకరోజు తన రాత తనే చూసుకుని, "టీచర్, ఈ ముసలమ్మకి మిగిలింది గదా, గతా?" అని అడిగాడు. నేను ఒక్క క్షణం జవాబు చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే పలక తెమ్మన్నాను. జూన్ నెలాఖరుకి వాడు గుణింతాలు దాటి, నవల్లో చివరి పేజీ తానే చదివాడు. తడబడ్డాడు, ఆగాడు, ఒత్తుల దగ్గర నా ముఖం చూశాడు, కానీ చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక నవల ఇంత పని చేసింది. బళ్ళో పాఠ్యపుస్తకంతో నేను ఏళ్ళ తరబడి చేయలేకపోయింది అయిదు నెలల్లో జరిగింది, ఎందుకంటే కథ తర్వాతేమైందో వాడికి కావాలి. వాడు ఆ బుధవారం పరీక్ష ఉండి రాలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి ఆవిడ నా చీటీకి ఏం చెప్పారు టీచర్ అని అడిగాడు. చీటీ విప్పలేదని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి వాడు పలక తేవడం లేదు.

4. వేళలు. గ్రంథాలయం తెరిచి ఉండే వేళల్లో మా వాళ్ళు పనిలో ఉంటారు, పని లేని వేళ అది మూసి ఉంటుంది. సభ సాయంత్రం ఆరింటికి పెడితే ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళకు, తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళేవాళ్ళకు రాకూడదని చెప్పినట్టే. తిరిగి ఇల్లు చేరేసరికి మాకు పదిన్నర దాటింది. పద్నాలుగు మందిలో ఆరుగురు మళ్ళీ నాలుగింటికి లేచారు.

5. రచయిత్రికి కూడా నష్టమే. ఇవాళ తెలుగు నవల వెయ్యి ప్రతులు అచ్చువేస్తే గొప్ప. రాసినవాళ్ళకు సాటి రచయితల మాటలు, సమీక్షకుల మాటలు అందుతాయి. వీధి ఊడ్చే మనిషి ఆ పుస్తకంలో తన అవ్వను చూసుకున్న సంగతి ఎక్కణ్ణించి అందుతుంది? ఆమె అంత దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చి, శాలువా మోసుకుని వెళ్ళారు. ఆమె కోసం ఎదురుచూసిన మాట గేటు బయట ఉండిపోయింది.

6. డబ్బు. ఇది ఎవరి దయాధర్మమూ కాదు. స్వతంత్ర భారతదేశంలో మొట్టమొదటి ప్రజా గ్రంథాలయాల చట్టం 1948లో మద్రాసులో వచ్చింది. దాని కింద ఇప్పుడు ఆస్తిపన్నులో రూపాయికి పది పైసలు గ్రంథాలయ సుంకంగా వసూలవుతోంది. ఇల్లున్నవాళ్ళే కడతారనుకోవద్దు. ఇంటాయన కట్టే పన్ను అద్దెలో కలిసే ఉంటుంది. కార్డు నిరాకరించిన ఆ తొమ్మిది మందీ నెలనెలా గ్రంథాలయానికి డబ్బు కడుతూనే ఉన్నారు. ఆ నవల ధర 200 రూపాయలు. 200 ప్రతులకు కమిషన్ లేకుండా లెక్కవేసినా 40 వేలు. హాలుకీ, వేదికకీ, శాలువాలకీ, జ్ఞాపికలకీ ఎంతయిందో మీ దగ్గర బిల్లులుంటాయి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను.

తెలుగు సంఘాల పెద్దలతో ఒక మాట. మీ మీద నాకు గౌరవం ఉంది. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రిక దినపత్రికను ఈ మద్రాసులోనే మొదలుపెట్టారు, పుస్తకాలు అచ్చువేసి తెలుగువాళ్ళ ఇళ్ళకు చేర్చారు. ఆ పట్నంలో మనం పెద్దల పేర్లతో సభలు బాగానే చేస్తున్నాం. ఉగాదికీ, జయంతులకూ హాళ్ళు నిండుతున్నాయి. అయితే ఆ సభలకు వచ్చే తెలుగువాళ్ళు ఒకరు, మా పేటలో ఉండే తెలుగువాళ్ళు ఇంకొకరు. కోయంబేడులో మూటలు దించేవాళ్ళూ, కొరుక్కుపేట, వ్యాసర్పాడి సందుల్లో ఉండేవాళ్ళూ మీ ఆహ్వాన పత్రికల జాబితాలో ఎప్పుడైనా ఉన్నారా? భాష పోతోందని మీరు సభల్లో అంటుంటారు. మా వీధిలో అది నోటిమీద ఉంది, చేతికి పుస్తకం కావాలి.

ఇక మేం అడుగుతున్నవి.

1. రచయిత్రిని మళ్ళీ పిలవండి, ఈసారి మా శాఖా గ్రంథాలయానికి. వచ్చే నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఆ తేదీకీ మద్రాసుకీ ఉన్న సంబంధం మీకు తెలియనిది కాదు. 1919 నవంబరు 14న, గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో అఖిల భారత ప్రజా గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ నగరంలోనే. ఆ వారంలో వచ్చే ఆదివారం మాకు ఇవ్వండి. వేదిక వద్దు, శాలువా వద్దు. చాపలు మేం తెస్తాం. ఆమె ప్రయాణ ఖర్చు, బస మాత్రం కార్యక్రమం పద్దు నుంచే ఇవ్వాలి, రచయితను సొంత డబ్బుతో తిప్పకూడదు.

2. పోస్టరులో రాసిన 200 ప్రతుల్లో రాని వాటిని సెప్టెంబరు నెలాఖరులోగా శాఖలకు పంపండి. ఏ శాఖకు ఎన్ని వెళ్ళాయో గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. రిఫరెన్సు ముద్ర వేసి బీరువాలో పెట్టినవాటిని బయటికి తీయండి. పది ప్రతులైనా ఒక గుంపు పేరున మూడు నెలలకు ఇచ్చే వీలు కల్పించండి.

3. చిరునామా రుజువు లేనివాళ్ళకు, మా శాఖలో పాత సభ్యులు ఒకరు పూచీ పడితే కార్డు ఇవ్వండి. మొదటి తొమ్మిది మందికీ నేను పూచీ. పుస్తకం పోతే నా పెన్షన్లోంచి కడతాను.

4. వారంలో ఒక సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఆరింటి దాకా, చదివి వినిపించడానికి గ్రంథాలయంలో ఒక గది తెరిచి ఉంచండి. చదివేవాళ్ళను మేం చూసుకుంటాం. రిటైరైన తెలుగు టీచర్లు ఈ నగరంలో నాకు తెలిసినవాళ్ళే ఎనిమిది మంది ఉన్నారు, అడిగితే కాదనరు. ఫ్యాను, లైటు, మంచినీళ్ళు ఉంటే చాలు. అదే గదిలో అక్షరాలు దిద్దించే పలకలు నాలుగు పెట్టండి. నవల్లో ముఖ్యమైన అధ్యాయాలు రెండు మూడు తమిళంలో చెప్పించే ఏర్పాటు కూడా ఉండాలి. ఊరంతా చదవాలంటే ఊళ్ళో తమిళులూ ఉన్నారు, మా పక్క పోర్షన్‌వాళ్ళు చివరి అధ్యాయం కోసం ఎంత ఎదురుచూశారో నేను చూశాను.

5. వచ్చే ఏడాది ఈ కార్యక్రమం చేసేటట్టయితే కమిటీలో ప్రతి శాఖ నుంచీ ఇద్దరు మామూలు పాఠకులుండాలి. వారిలో ఒకరు ఆడవాళ్ళు కావాలి. సభ ఎక్కడ, ఏ రోజు, ఏ వేళ అన్నది వాళ్ళు లేకుండా తేల్చకూడదు.

6. జూలై సభకూ పుస్తకాలకూ విడివిడిగా ఎంత ఖర్చయిందో నోటీసు బోర్డులో పెట్టండి.

ఇవేవీ చేయలేనివి కావు. 1896లో ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం తెరిచిన నగరం ఇది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి చట్టప్రకారం అక్కడికి చేరాలి. కోట్టూర్పురంలో 2010లో అంత పెద్ద అన్నా శతజయంతి గ్రంథాలయం కట్టుకున్న ప్రభుత్వం ఇది. అలాంటి చోట మా పేటకు మరికొన్ని నవలలు, ఒక గది, ఒక ఆదివారం అడుగుతున్నాం.

ఈ ఉత్తరం కింద నాతోపాటు మొట్టమాడి మీద కూర్చున్నవాళ్ళంతా సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. అసలు ప్రతి మీ ఆఫీసుకు వస్తుంది. పేర్లు బయట ప్రకటించవద్దని కొందరు కోరారు, పనిచేసే చోట ఇబ్బంది అవుతుందని వాళ్ళ భయం. ఆ కోరిక మన్నించండి. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే ఇదే ఉత్తరం తీసుకుని మేమంతా ఒక పనిరోజు మీ ఆఫీసుకు వస్తాం. గొడవ చేయం. లోపలికి పిలిచేదాకా వరండాలో కూర్చుని నవల మొదటి పేజీ నుంచి గట్టిగా చదువుకుంటాం.

చీటీల కవరు నా దగ్గరే ఉంది. తేదీ ఖాయం చేసేటప్పుడు ఒక్క సంగతి మర్చిపోకండి. తాళంచెవి ఆవిడకు ఆదివారం కూడా డ్యూటీ ఉంటుంది. దిగేసరికి రెండవుతుంది, స్నానం చేసి వచ్చేసరికి మూడు. అంతకుముందు మొదలుపెట్టవద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు, మా వీధి పాఠకులు
ఉత్తర చెన్నై